జీతం లెక్క మన దగ్గర కూడా ఉండాలి

(సంఘం వార్షిక సభలో, సాలూరులో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నిర్వాహకులు నన్ను మొదట "హాస్టల్ పిల్లలు, మన సంస్కృతి" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఇందాక థింసా ఆడిన అమ్మలు ఆ విషయం నాకంటే బాగా చెప్పేశారు. అందుకని నేనే విషయం మార్చమని అడిగాను. మా దగ్గర పది, ఇంటర్ పాసై వెళ్ళిన పిల్లలు నర్సింగులోనో, బట్టల షాపులోనో, మిల్లులోనో, లారీల మీదనో పనికి కుదురుతున్నారు. చేరిన కొత్తలో సంబరంగా ఫోను చేస్తారు. ఆరు నెలలు పోయాక వచ్చే ఫోను వేరేగా ఉంటుంది. "మేడమ్, మూణ్ణెల్ల జీతం ఆపేశారు." "మేడమ్, మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వనంటున్నారు." "మేడమ్, మా సూపర్‌వైజరు రాత్రిపూట మెసేజీలు పెడుతున్నాడు, ఎవరికి చెప్పాలి?" మీరు అడిగారా అంటే అందరూ ఒకే మాట అంటారు. "పని ఇచ్చినోళ్ళని ఎలా అడుగుతాం మేడమ్?"

ఆ మాట ఆ పిల్లల సొంతం కాదు. తాతల నుంచి వచ్చింది. ఈ సభలో జుట్టు నెరిసినవాళ్ళకు గొత్తి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పిల్లల కోసం చెబుతాను. పెళ్ళికనో, చావు ఖర్చుకనో, తప్పు కింద వేసిన దండుగకనో సావుకారు దగ్గర కొద్దిపాటి సొమ్మో, నాలుగు కుంచాల గింజలో తెచ్చుకునేవారు. తీర్చడానికి డబ్బు ఉండదు కనక ఒంటితో తీర్చాలి. ఆయన ఇంట్లో, ఆయన పొలంలో చాకిరీ. ఏడాది తిరిగేసరికి అప్పు తగ్గకపోగా పెరిగి కూర్చునేది. మధ్యలో ఇచ్చిన పాత గుడ్డ, పండక్కి ఇచ్చిన పొగాకు, జ్వరమొచ్చి పనికి రాని రోజులు, అన్నీ ఖాతాలోకి ఎక్కేవి. తండ్రి పోతే కొడుకు వెళ్ళి నిలబడాలి. ఆ ఖాతా సావుకారు ఇంట్లోనే ఉండేది. రాసేది ఆయనే, చదివేది ఆయనే. మనవాళ్ళు వేసింది వేలిముద్ర.

తిట్లూ దెబ్బలూ ఉండేవి, నిజమే. కానీ మనిషిని అక్కడ కట్టి పడేసింది ఆ ఖాతా. తాను ఎంత బాకీ ఉన్నాడో, ఎంత తీర్చాడో తెలియనివాడు "ఇంక చాలు" అని ఎలా అంటాడు?

మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1940లోనే రెగ్యులేషన్ తెచ్చింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. కాగితం మీద రెండూ ఉన్నాయి. అయినా 1960ల్లో కూడా కురుపాం, పార్వతీపురం వైపు కంబారుల కూలి కోసం గొడవ పడాల్సి వచ్చింది. వెంపటాపు సత్యం మాస్టారు బడిపంతులు. ఆయనా, ఆదిభట్ల కైలాసం గారూ గిరిజన సంఘంలో మనవాళ్ళను కూడగట్టి అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. వెట్టి ఆపండి, కంబారికి కూలి పెంచండి, అప్పు పేరు చెప్పి పట్టుకున్న భూమి ఇచ్చేయండి, అడవి సరుకుకు సరైన ధర కట్టండి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో జరిగే సంఘం సభకు వెళుతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత ఆ పోరాటం పట్టిన దారి వేరే చర్చ. నేను ప్రభుత్వ ఉద్యోగిని, ఆ చర్చకు ఇది చోటు కూడా కాదు. నాకు కావలసింది అంతకుముందు జరిగిన పని. ఒక్క కంబారి వెళ్ళి అడిగితే తెల్లారేసరికి అతనికి పని ఉండదు. ఊరూరా అందరూ ఒకే మాట మీద నిలబడి అడిగితే అందరినీ పంపేయడం ఎవరివల్లా కాదు. మాస్టారు అప్పట్లో నేర్పింది ఆ పాఠం.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా హాస్టళ్ళ వాళ్ళం తలుచుకోవలసిన ఎస్.ఆర్. శంకరన్ గారు అప్పట్లో మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ చూసేవారు. ఆ చట్టాన్ని ఫైల్లో పెట్టి ఊరుకోకుండా, వెట్టివాళ్ళ దగ్గరికే వెళ్ళి మీకు ఇక బాకీ లేదని చెప్పిన అధికారి ఆయన. తర్వాత పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆ చట్టంలో ఒక సెక్షన్ అంటే నాకు చాలా ఇష్టం, 15వది. ఇది వెట్టి అప్పు అని కూలివాడు అంటే, కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. అంటే ఖాతా ఎవరి ఇంట్లో ఉందో, జవాబు చెప్పే భారం కూడా వాళ్ళదే అని చట్టం గుర్తించింది.

1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు, రోడ్లు కట్టారు. అక్కడి కూలీలకు కనీస వేతనం కూడా అందడం లేదని ఒక పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ భగవతి గారు ఆ తీర్పులో చెప్పిన సంగతి మన పిల్లలందరికీ తెలియాలి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది 23వ అధికరణం ప్రకారం బలవంతపు చాకిరీయే. కత్తి చూపించి చేయిస్తేనే బలవంతం అనుకోనక్కర్లేదు. ఆకలికి తాళలేక, ఇంకో దారి లేక ఒప్పుకున్నా అది బలవంతమే. "నువ్వే ఒప్పుకున్నావు కదా" అని ఎవరైనా అంటే ఈ తీర్పు గుర్తు చేయండి.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. గొత్తి పేరు పోయింది, అడ్వాన్స్ అనే పేరు వచ్చింది. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి చేతిలో కొంత సొమ్ము పెడతాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకో, ఇటుక బట్టీకో వెళతారు. బడిలో ఉన్న గుంటను కూడా తీసుకుపోతామని నా దగ్గరికి వస్తారు. నేను పంపను, గొడవ పడతాను, అది వేరే సంగతి. అక్కడ వారానికి సరిపడా బియ్యం, ఖర్చులకు కాస్త డబ్బు ఇచ్చి, "సీజన్ అయ్యాక లెక్క చూసుకుందాం" అంటారు. లెక్క చూసే రోజు వచ్చేసరికి వీళ్ళే బాకీ తేలతారు. మధ్యలో ఊళ్ళో చావు అయినా పంపరు.

అడ్వాన్స్ తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆ అడ్వాన్స్ చూపించి కనీస కూలి ఇవ్వకపోయినా, ఇంకోచోట పని చేసుకోనివ్వకపోయినా, ఊరికి వెళ్ళనివ్వకపోయినా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా అది వెట్టి కిందికే వస్తుంది. చేసినవాడికి మూడేళ్ళ వరకు జైలు. మనవాళ్ళ చేత అలా చేయిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరం. ఫిర్యాదు కలెక్టరుకో, సబ్ కలెక్టరుకో ఇవ్వాలి. వేరే జిల్లాలో చిక్కుకుంటే అక్కడి కలెక్టరుకు. మన పార్వతీపురం అధికారులకు కూడా ఒక కాపీ పంపితే ఇటు నుంచి అటు కదలిక వస్తుంది. విడిపించినప్పుడు విడుదల ధ్రువపత్రం ఇస్తారు. అది చేతికి రాకుండా బస్సెక్కి వచ్చేయకండి. వెంటనే ఇచ్చే 30 వేల వరకు సాయం గానీ, తర్వాత మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షల పునరావాసం గానీ ఆ కాగితం మీదే ఆధారపడతాయి. భయంతో రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవాళ్ళకు ప్రాణం దక్కుతుంది, ఆ కాగితం దక్కదు. దారి ఉంటే ముందు ఫోను చేసి అధికారిని అక్కడికే రప్పించుకోవడం మేలు.

చదువుకున్న పిల్లలకు అడ్వాన్స్ ఇవ్వరు. వాళ్ళ దగ్గర ఒరిజినల్స్ పట్టుకుంటారు. మా హాస్టల్లో ఆరు నుంచి పది వరకు చదివిన ఒక అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసి ఒక పట్టణంలో ఆసుపత్రిలో చేరింది. ఆసుపత్రి పేరు చెప్పను. చేరినరోజే టెన్త్ మెమో నుంచి నర్సింగ్ సర్టిఫికెట్ దాకా అన్నీ తీసుకుని లోపల పెట్టేశారు. రసీదు లేదు. నియామక పత్రం లేదు. ఏడాదిన్నర తర్వాత ఆమెకు ఇంకో ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చింది. ఒరిజినల్స్ అడిగితే మూణ్ణెల్ల జీతం కట్టమన్నారు. అప్పటికే రెండు నెలల జీతం ఆసుపత్రే బాకీ ఉంది! పరిశీలనకు పన్నెండు రోజులు. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెడతానని తయారయ్యాడు.

నేను ఆమెను మొదట అడిగింది, నీ దగ్గర ఏముంది అని. ఏమీ లేదంది. కూర్చుని వెతికితే చాలా ఉన్నాయి. బ్యాంకు పాస్‌బుక్కులో నెలనెలా పడిన జీతం, వాట్సాప్‌లో వచ్చిన డ్యూటీ చార్టులు, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, ఒరిజినల్స్ తీసుకున్న రోజు "అన్నీ ఇచ్చేశాను" అని వాళ్ళ అన్నకు పెట్టిన మెసేజీ, తేదీతో సహా. వీటన్నిటికీ జిరాక్సులు తీశాం. ఒక ఉత్తరం రాశాం, ఒక పేజీ. ఫలానా తేదీన చేరాను, ఫలానా సర్టిఫికెట్లు ఫలానా రోజున తీసుకున్నారు, ఫలానా తేదీన పరిశీలన ఉంది, నాలుగు రోజుల్లో తిరిగి ఇవ్వండి, ఈ రెండు నెలల జీతం రావాలి. అంతే. ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు, కేసు పెడతామని బెదిరించలేదు. అడుగున మాత్రం కాపీలు ఎవరికి పంపుతున్నామో రాశాం: కార్మిక శాఖ అధికారికి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే కార్డు దాచుకున్నాం. న్యాయసేవ వాళ్ళు ఇచ్చిన లాయరు గారు ఒకసారి ఆసుపత్రికి ఫోను చేశారు. తొమ్మిదో రోజున సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. పరిశీలనకు వెళ్ళింది. జీతంలో ఒక నెలది వచ్చింది, రెండోది రాలేదు. ఇంకా తిరుగుతోంది. పూర్తిగా గెలిచామని నేను చెప్పను.

ఈ విషయంలో పిల్లలు తెలుసుకోవలసింది, సర్టిఫికెట్ తాకట్టు వస్తువు కాదు. చూపించాలి, జిరాక్స్ ఇవ్వాలి, ఒరిజినల్ వెంటనే వెనక్కి తీసుకోవాలి. చదువు చెప్పే కాలేజీలే ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. పని చేయించుకునేవాళ్ళకు ఆ అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? బాండు మాటకొస్తే, బాండులన్నీ చెల్లవని నేను అనను. నిజంగా ఖర్చు పెట్టి శిక్షణ ఇచ్చి, న్యాయమైన మొత్తం రాయించుకుంటే కోర్టులు ఒప్పుకున్నాయి. అయితే బాండు తప్పితే పోలీసులు వచ్చి పట్టుకుపోతారన్నది మాత్రం ఉత్త బెదిరింపు. వాళ్ళు సివిల్ కోర్టుకు వెళ్ళాలి, అక్కడ న్యాయమనిపించినంతే ఇప్పిస్తారు. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం పెట్టొద్దు. వేలిముద్ర కాలం దాటాం గానీ, చదవకుండా పెట్టే సంతకం కూడా వేలిముద్రే.

2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటి మీద సంఘాలవాళ్ళకు చాలా అభ్యంతరాలు ఉన్నాయి. నాకూ ఉన్నాయి. కాంట్రాక్టు కూలీల చట్టం ఇంతకుముందు 20 మంది ఉంటే వర్తించేది, ఇప్పుడు 50 చేశారు. మనవాళ్ళను తీసుకుపోయే మేస్త్రీల కింద 50 మంది ఎక్కడుంటారు? 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో ఊరు విడిచి వెళ్ళినందుకు ఇచ్చే ప్రత్యేక భత్యం ఉండేది, కొత్తదాంట్లో అది లేదు. ఒడిశా సరిహద్దు మీద బతికే మనకు ఇవి నష్టాలే. మంచివి కూడా ఉన్నాయి, వాటిని వాడుకోవాలి కదా. పనిలో చేరిన ప్రతివాళ్ళకూ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం వచ్చే నెల 7వ తేదీలోగా పడాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ ఇచ్చేయాలి. జీతం రాలేదని మూడేళ్ళ లోపు ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీరు జీతం ఇవ్వలేదన్నారనుకోండి, ఇచ్చానని రుజువు చేసుకోవలసింది యజమాని. 1976 చట్టంలోని ఆ 15వ సెక్షన్ లాంటి మాటే జీతాల చట్టంలో కూడా వచ్చిందన్నమాట.

రుజువు వాళ్ళదే కదా, మనకు రాసుకునే పనేమిటి అనుకోకండి. వాళ్ళ రుజువు వాళ్ళ రిజిస్టరు. దాన్ని తప్పని చెప్పడానికి మన దగ్గర ఇంకో లెక్క ఉండాలి. నేను వార్డెన్‌ని. పొద్దున్న ఎన్ని కిలోల బియ్యం దించామో, ఎంతమంది పిల్లలు తిన్నారో రాసి సంతకం పెట్టకపోతే సాయంత్రానికి నన్ను అడుగుతారు. నేనూ ఒక రకంగా పని చేయించే మనిషినే కనక, మా కుక్కు, కమాటీ, వాచ్‌మన్‌ల చేత రోజూ వాళ్ళ హాజరు వాళ్ళ చేతే రాయిస్తాను, నెలాఖరుకి దాని ఫోటో వాళ్ళ ఫోనులో పెట్టుకోమంటాను. మా కమాటీ మొదట్లో "నాకెందుకమ్మా ఈ రాతలు" అని విసుక్కునేది. ఇప్పుడు నేను మర్చిపోతే తనే గుర్తు చేస్తుంది. పది రూపాయల నోటుబుక్కు చాలు. తేదీ, ఎక్కినవేళ, దిగినవేళ, ఎవరు పని చెప్పారు, ఎంత ఇచ్చారు. లారీ మీద వెళ్ళే తమ్ముళ్ళు మరీ ముఖ్యంగా రాయాలి. సాలూరు లారీల ఊరు, మన కుర్రాళ్ళు క్లీనర్లుగా ఎక్కి డ్రైవర్లవుతారు. ఏ రాత్రి ఎక్కడ తిరిగారో వాళ్ళకే గుర్తుండదు, బత్తా ఎంత రావాలో ఇంకేం గుర్తుంటుంది?

ఇక ఆడపిల్లల సంగతి. ఇది కొంచెం నెమ్మదిగా వినండి, ముఖ్యంగా తండ్రులు. రాజస్థాన్‌లో భన్వారీ దేవి అనే గ్రామ కార్యకర్త బాల్యవివాహం ఆపబోయి 1992లో అత్యాచారానికి గురైంది. ఆమె కేసు వల్లే 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. (విశాఖ అంటే మన విశాఖపట్నం అనుకుంటారు పిల్లలు, అది కోర్టుకు వెళ్ళిన మహిళా సంస్థ పేరు.) దాని మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పదిమంది లేని షాపైనా, ఇంటిపనైనా, వేధించేది సాక్షాత్తూ యజమానే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. రాయడం రాని మనిషికి రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే. మెసేజీలు వస్తే కోపంతో చెరిపేయకండి, ఫోటో తీసి ఇంకొకరికి పంపి ఉంచండి.

తండ్రులను ముఖ్యంగా వినమన్నది ఇందుకు. ఇలాంటిది జరిగిందని తెలిస్తే మనవాళ్ళు రెండు పనులు చేస్తారు. పిల్లను ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెడతారు. లేకపోతే పెద్దమనుషుల్లో పెట్టి ఎంతో కొంత సొమ్ముకు రాజీ చేస్తారు. మొదటిదాంట్లో శిక్ష పిల్లకు పడుతుంది. రెండోదాంట్లో, ఆ సొమ్ము ఇచ్చినవాడు ఇంకో పిల్ల దగ్గరికి వెళతాడు. కూలి బాకీ విషయంలో పెద్దమనుషులు కూర్చుంటే నాకు అభ్యంతరం లేదు, తేల్చింది కాగితం మీద పెడితే చాలు. ఒంటి మీద చెయ్యి వేసిన విషయంలో మాత్రం రచ్చబండ దగ్గరికి వెళ్ళొద్దు. 181కి చేయండి, పోలీసు స్టేషన్‌కు వెళ్ళండి, ఒంటరిగా వెళ్ళొద్దు.

ఇదంతా విని ఒక తమ్ముడు ఇందాకే నా చెవిలో అన్నాడు, "అడిగితే తీసేత్తారు కదా మేడమ్, అప్పుడేటి సెయ్యాలి?" నిజమే, తీసేస్తారు. తీసేయరని మాట ఇవ్వడానికి నేనెవర్ని? అందుకే కోపం వచ్చిన రోజునే రాజీనామా కాగితం మొహాన కొట్టకండి. కోపం వచ్చిన రోజు నోటుబుక్కు తియ్యండి. ముందు కాపీలు బయటికి తెచ్చుకోండి, అదే చోట పనిచేసే ఇంకో ఇద్దరితో మాట్లాడండి, ముగ్గురి పేర్లతో ఒకే ఉత్తరం పెట్టండి. ముగ్గురిని ఒకేసారి తీసేయడానికి ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. నోటిమాటగా "రేపట్నుంచి రావద్దు" అంటే, మర్నాడు పనివేళకు వెళ్ళి గేటు దగ్గర నిలబడి, రానివ్వలేదని అక్కడినుంచే మెసేజీ పెట్టండి. లేకపోతే తనే మానేశాడని రాసుకుంటారు. లాయరు ఖర్చుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం గిరిజనులకు, ఆడవాళ్ళకు, వెట్టిలో చిక్కుకున్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోను 15100. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల చేత ఎక్కడైనా పని చేయిస్తుంటే 1098.

నాకు ఇచ్చిన సమయం ఎప్పుడో అయిపోయింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఆ నర్సమ్మ రాసిన ఉత్తరం పేర్లు తీసేసి నమూనాగా జిరాక్సులు చేయించాను. తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి, భోజనానికి వెళుతూ తలా ఒకటి తీసుకోండి. తెలుగులోనే ఉంది. కువిలో, సవరలో చదివి వినిపించడానికి మా ఇంటర్ పిల్లలు నలుగురు అక్కడే నిలబడతారు. ఎవరికైనా జీతం బాకీ ఉంటే పాస్‌బుక్కు పట్టుకుని ఆదివారం పది గంటలకు హాస్టల్‌కు రండి, కూర్చుని రాద్దాం. సెలవు.